ఆరో నంబరు, నూట పదహారో నంబరు

తెలుగువాడికి నూట పదహారు అనేది లెక్కల్లోని అంకె కాదు, ఒక మర్యాద. పెళ్ళిలో చదివింపులు నూట పదహార్లు, పురోహితుడికి సంభావన నూట పదహార్లు, అవధానం చేసిన పండితుడికి శాలువాతోపాటు నూట పదహార్లు. స్థోమత ఉంటే వెయ్యి నూట పదహార్లు. సున్నాతో ముగిసే సొమ్మును ఎదుటివారి చేతిలో పెట్టడానికి మనకు మనసొప్పదు. అటువంటి మంగళకరమైన అంకెను 1966 ఆగస్టులో మన సినిమావాళ్ళు ఒక గూఢచారికి తగిలించారు. మరుసటి సంవత్సరమే బ్రిటన్‌లో ఇంకొక గూఢచారికి ఆరు అన్న అంకెను తగిలించారు. మనవాడు తన అంకెను బిరుదులా ధరించాడు. వాళ్ళవాడు మాత్రం 17 భాగాలపాటు అది తన పేరు కాదని పోరాడుతూనే ఉన్నాడు.

ఆ రెండోవాడి కథ 'ది ప్రిజనర్' అన్న టెలివిజన్ ధారావాహిక. ఈ మధ్య దాని 17 భాగాలనూ వరుసగా మళ్ళీ చూశాను. చూస్తున్నంతసేపూ నా మనసు వేల్స్ సముద్రతీరంలో కాక పెన్న ఒడ్డున, ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో తిరుగుతూ వచ్చింది. ఎందుకలా తిరిగిందో చెప్పడానికే ఈ టపా.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఒక బ్రిటిష్ గూఢచారి ఆగ్రహంతో కార్యాలయంలోకి దూసుకువచ్చి, రాజీనామా పత్రాన్ని పై అధికారి బల్లమీద కొట్టి వెళ్ళిపోతాడు. ఇంటికి చేరి పెట్టె సర్దుకుంటుండగా తాళపుచెవి కన్నంలోంచి మత్తువాయువు లోపలికి వస్తుంది. మెలకువ వచ్చేసరికి గది తనదే, కానీ కిటికీ తీస్తే లండన్ లేదు. రంగురంగుల ఇళ్ళు, పూలమొక్కలు, బ్యాండు మేళం, చారల గొడుగులు పట్టుకుని షికారు చేసే జనం కనిపిస్తారు. ఆ ఊరి పేరు 'ఊరు', అంతే. అక్కడివారికి పేర్లు లేవు, అంకెలే. ఇతనిది ఆరు. పాలన రెండో నంబరుది. ఆ కుర్చీలో మనిషి దాదాపు ప్రతి భాగానికీ మారిపోతుంటాడు. ఒకటో నంబరు ఎవరన్నది ఎవరూ చెప్పరు. వచ్చిన ప్రతి రెండో నంబరూ అడిగే ప్రశ్న ఒక్కటే, ఉద్యోగం ఎందుకు మానేశావని. పారిపోదామని సముద్రంవైపు పరుగెత్తితే నీళ్ళలోంచి ఒక పెద్ద తెల్లబుడగ లేచి వచ్చి మీదపడి ఊపిరాడనివ్వదు. ఆ బుడగ నిజానికి వాతావరణ శాఖలవాళ్ళు ఆకాశంలోకి వదిలే బెలూను. మొదట తయారుచేసుకున్న యంత్రం చిత్రీకరణలో మొరాయించడంతో దాన్ని తెచ్చి పెట్టారు. చవకగా దొరికిన వస్తువే ఆ ధారావాహికలోకెల్లా భయంకరమైన వస్తువయింది.

ఆరో నంబరుగా నటించిన పాట్రిక్ మెగూహన్ అప్పటికే పేరున్న గూఢచారి. 1960లో మొదలైన 'డేంజర్ మాన్'లో జాన్ డ్రేక్ పాత్ర అతనిది. తుపాకి వీలైనంత తక్కువ పట్టాలని, ఆడవాళ్ళతో సరసాలు వద్దని పట్టుబట్టి ఆ పాత్రను మలచుకున్నాడు. జేమ్స్ బాండ్ పాత్ర ఇస్తామంటే వద్దన్నాడు. ఆ తరువాత ఐటీసీ సంస్థ అధిపతి లూ గ్రేడ్‌ను ఒప్పించి 'ది ప్రిజనర్'కు పూనుకున్నాడు. కథాసంపాదకుడు జార్జ్ మార్క్‌స్టైన్. మొదట్లో రాజీనామా అందుకునే అధికారిగా బల్ల వెనక కూర్చుని కనిపించేది ఆయనే. ఆరో నంబరు అంటే జాన్ డ్రేకేనని మార్క్‌స్టైన్, కాదని మెగూహన్ చివరిదాకా వాదులాడుకున్నారు. 'ఊరు'గా చూపినది పోర్ట్‌మెయిరియన్. క్లఫ్ విలియమ్స్-ఎల్లిస్ అనే వాస్తుశిల్పి 1925 నుంచి కొన్ని దశాబ్దాలపాటు తన సరదా కొద్దీ కట్టుకుంటూ పోయిన విడిది ఊరు అది. ఎక్కడెక్కడి శైలులనో తెచ్చి అతికించిన ఇళ్ళు, ఎంతో అందంగా ఉంటాయి. తప్పించుకోవాలన్న ఆలోచనే రాని చోట ఖైదు చేయడం ఎంత తెలివైన పనో ఆ ఇళ్ళను చూస్తే తెలుస్తుంది. దీన్ని రంగుల్లో తీశారు. కానీ బ్రిటన్ వాణిజ్య ఛానల్లో రంగుల ప్రసారాలు 1969 నవంబరులో గాని మొదలుకాలేదు. అంటే 1967 సెప్టెంబరులో మొదటిసారి చూసినవారికి ఆ పూలతోటలన్నీ నలుపు తెలుపుల్లోనే కనబడ్డాయన్నమాట.

రెండు భాగాల గురించి మాత్రం విడిగా చెప్పాలి. 'ది చైమ్స్ ఆఫ్ బిగ్ బెన్'లో ఆరో నంబరు ఎన్నో కష్టాలు పడి లండన్ చేరుకుంటాడు. తన పాత కార్యాలయంలో తన పాత అధికారుల ఎదుట కూర్చుంటాడు. ఎందుకు రాజీనామా చేశావని వాళ్ళూ అడుగుతారు. చెప్పబోయేవాడు బయట గడియారం గంటలు విని ఆగిపోతాడు. తన చేతిగడియారానికీ లండన్ కాలానికీ ఒక గంట తేడా ఉండాలి, కానీ లేదు. తలుపు తెరిస్తే బయట ఉన్నది ఆ 'ఊరే'. లండన్ కార్యాలయమని నమ్మినది ఊళ్ళో వేసిన సెట్టు. అయితే ఆ సెట్టులో కూర్చున్న అధికారులు మాత్రం అసలువాళ్ళే! ఇన్నేళ్ళ తరువాత చూసినా ఆ క్షణంలో నాకు గుండె జారింది. రెండోది ఎన్నికల భాగం, 'ఫ్రీ ఫర్ ఆల్'. ఆరో నంబరు రెండో నంబరు పదవికి పోటీ చేస్తాడు. ఊరేగింపులు, నినాదాలు, పత్రికలో ముందే రాసిపెట్టిన సమాధానాలు. గెలుస్తాడు కూడా. గెలిచాక తెలుస్తుంది, కుర్చీ మారింది గాని ఊరు మారలేదని. ఎన్నికల గురించి మా జిల్లావాళ్ళకు ఒకరు చెప్పవలసినది లేదు గనుక ఇంతటితో వదిలేస్తాను.

ఇంత అపనమ్మకం ఆ దేశానికి ఎక్కడినుంచి వచ్చింది? చరిత్రలో దానికి కారణాలు లేకపోలేదు. 1951లో బర్జెస్, మక్లీన్ అనే ఇద్దరు ఉన్నతోద్యోగులు మాస్కో దారి పట్టారు. 1956లో సూయజ్ పరాభవం జరిగింది. 1963 జనవరిలో బ్రిటిష్ గూఢచారి శాఖలో పెద్దవాడనిపించుకున్న కిమ్ ఫిల్బీ బేరూత్‌లో మాయమై రష్యాలో తేలాడు. అదే సంవత్సరం ప్రొఫ్యూమో కుంభకోణం మంత్రివర్గాన్ని కుదిపింది. 42 ఏళ్ళ శిక్ష పడిన జార్జ్ బ్లేక్ 1966 అక్టోబరులో జైలుగోడ దూకి పారిపోయాడు. పంపినవాడు మనవాడేనా అన్న ప్రశ్న ఆ సమాజపు పత్రికల్లో రోజూ నలుగుతున్న కాలమది. మెగూహన్ ఆ ప్రశ్నను తెచ్చి కథానాయకుడి గదిలో పెట్టాడు.

ఇక మన సంగతి. 1967లో యావద్భారతంలోనూ టెలివిజన్ ఉన్నది ఢిల్లీలోనే. అక్కడ 1959 సెప్టెంబరు 15న ప్రయోగాత్మకంగా మొదలైంది. హైదరాబాదుకు 1977లో వచ్చింది. మా కడప జిల్లా పల్లెల్లో మిద్దెలమీద యాంటెనాలు మొలిచేనాటికి 1980లు సగమయ్యాయి. కనుక అరవైల గూఢచారి మా దగ్గరికి సినిమాహాలు ద్వారానూ, అద్దె పుస్తకాల అంగడి ద్వారానూ వచ్చాడు.

సినిమాహాలు ద్వారా వచ్చినవాడే నూట పదహారు. ఇతని వంశవృక్షం తమాషాగా ఉంటుంది. ఝాఁ బ్రూస్ అనే ఫ్రెంచి రచయిత 1949లో ఓఎస్ఎస్ 117 అనే గూఢచారిని సృష్టించాడు. అంటే ఇయాన్ ఫ్లెమింగ్ మొదటి బాండ్ నవలకు నాలుగేళ్ళ ముందన్నమాట. ఆ 117తో బాంకాక్ నేపథ్యంగా 1964లో వచ్చిన ఫ్రెంచి చిత్రం మన 'గూఢచారి 116'కు మూలం. నిర్మాతలు సుందర్‌లాల్ నహతా, డూండీ. దర్శకుడు ఎం. మల్లికార్జునరావు, మాటలు ఆరుద్ర. 'తేనె మనసులు'లో కృష్ణ స్కూటరు మీద చేసిన సాహసం చూసి డూండీ ఆయనను ఎంచుకున్నారన్నది మన సినీప్రియులందరికీ తెలిసిన కథే. నాయిక జయలలిత. 117లోంచి ఒకటి తీసేసి 116 చేయడంలోనే మన తెలుగుదనమంతా ఉందని నా అభిప్రాయం. పరాయి గూఢచారికి సంభావన ముట్టజెప్పి మనవాణ్ణి చేసుకున్నాం. ఆ మరుసటి ఏడాదే హిందీలో 'ఫర్జ్' వచ్చింది. దర్శకుడు రవికాంత్ నగాయిచ్ మనకు పరాయివాడు కాదు, 'సీతారామ కల్యాణం' వంటి తెలుగు చిత్రాలకు ఛాయాగ్రాహకుడు. జితేంద్రకు కూడా 116 నంబరే ఉంచేశారు. వాళ్ళ శకునం నూట ఒకటి గదా, నూట పదహారులోని సొగసు వాళ్ళకు అందే అవకాశం లేదు!

ఆ తరువాత కృష్ణకు గూఢచారి వేషాలు వరుసకట్టాయి. కె.యస్.ఆర్. దాస్ దర్శకత్వంలో 1971లో 'జేమ్స్ బాండ్ 777', 1978లో 'ఏజెంట్ గోపి', 1981లో 'రహస్య గూఢచారి' వచ్చాయి. అంకెలు మారినా మనిషి ఒక్కడే. పై అధికారి గదిలోకి వెళ్ళి నిటారుగా నిలబడి ఉత్తరువు అందుకుంటాడు. ఆ గదిని అనుమానించడు.

అద్దె పుస్తకాల అంగడి ద్వారా వచ్చినవారిలో పెద్ద కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు. మా తరం వచ్చేసరికి మధుబాబు గారి షాడో, అతని మిత్రుడు శ్రీకర్, వాళ్ళ పై అధికారి కులకర్ణి. ప్రొద్దుటూరులో మేము చదువుకునే రోజుల్లో రోజుకు పావలా అద్దె. చేతులు మారి మారి ఆ పుస్తకాలకు అట్టలు ఊడిపోయేవి, చివరి పుటలు చిరిగిపోయేవి. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చే సహాధ్యాయి ఒకడు చివరి పుటలేని నవలలకు ముగింపులు తానే చెప్పేవాడు. అసలు ముగింపులకంటే అవే బాగుండేవి. వాడి ముగింపులన్నిటిలోనూ షాడో గెలిచి కులకర్ణి దగ్గరికి తిరిగి వచ్చేవాడు. కులకర్ణి ద్రోహి అయితే ఏమిటన్న ఊహ వాడికీ, వినే మాకూ ఏనాడూ రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే నాకు ఆశ్చర్యం.

దీనికీ చరిత్రలో సమాధానం ఉంది. 1962లో చైనాతో ఓటమి, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం, 1966 జనవరిలో తాష్కెంట్‌లో శాస్త్రిగారి మరణం. 'గూఢచారి 116' వచ్చింది ఆ ఆగస్టులోనే. విదేశీ గూఢచర్యం కోసం మన దేశం 'రా' అనే ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసుకున్నది 1968 సెప్టెంబరులో. అంటే అసలైన సంస్థ కంటే రెండేళ్ళు ముందే మన వెండితెర గూఢచారి పనిలో చేరాడు. అప్పటికి మన రాజ్యం వయసు 19 ఏళ్ళు. దాన్ని కాపాడాలన్న తపనే గాని అనుమానించే తీరిక లేని వయసు. బ్రిటిష్‌వాడిది సామ్రాజ్యం కోల్పోయినవాడి శంక, మనది ఇల్లు కట్టుకుంటున్నవాడి నమ్మకం.

ఇంకో సంగతి కూడా ఉంది. పాశ్చాత్య గూఢచారి కథలన్నిటిలో శత్రువు మాస్కోలో ఉంటాడు. మా జిల్లాకు మాస్కో వచ్చింది విశాలాంధ్ర వారి పుస్తకాల రూపంలో. గట్టి అట్ట, తెల్లని కాగితం, అతి చవక ధర. పులివెందుల ప్రాంతంలోని పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి గారు (1922-1988), మనందరి రా.రా., 'సంవేదన' పత్రికను 1968లో తెచ్చారు. ఆ ఫిబ్రవరిలోనే 'ది ప్రిజనర్' చివరి భాగం ప్రసారమైంది. తరువాతి దశకంలో ఆయన మాస్కో వెళ్ళి ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా పనిచేశారు. బ్రిటన్‌లో మాస్కో వెళ్ళినవాడు దేశద్రోహి. మాకు మాస్కో వెళ్ళినవాడు గోర్కీ దగ్గరికి వెళ్ళినవాడు. ప్రచ్ఛన్నయుద్ధం అందరికీ ఒకే యుద్ధం కాదు.

అయితే పంపినవాణ్ణి అనుమానించడం తెలుగునేలకు తెలియని విద్య అనుకుంటే పొరపాటు. రాజుకు చారులే కళ్ళని మన నీతిశాస్త్రాలు మొదటినుంచీ చెబుతున్నాయి. 'ఆముక్తమాల్యద' నాలుగో ఆశ్వాసంలోని రాజనీతిలో కృష్ణదేవరాయలు వేగులవారి సంగతి విడిచిపెట్టలేదు. పుస్తకాలదాకా ఎందుకు, జమ్మలమడుగుకు కూతవేటు దూరంలో గండికోట ఉంది. పెమ్మసానివారి ఆ కోటను 1650లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా వశం చేసుకున్నాడు. కోట బలంతో పడలేదని, కోటలోని మనిషే చినతిమ్మానాయుడికి విషం పెట్టాడని స్థానిక గాథ. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. అతడు రాసిపెట్టిన దృశ్యం ఒకటి నేను మరవలేను. మీర్ జుమ్లా గుడారంలో వట్టికాళ్ళతో కూర్చుని ఉన్నాడు. కాలివేళ్ళ సందుల్లో ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ళ సందుల్లో ఉత్తరాలు. ఒకసారి కాలినుంచి, ఒకసారి చేతినుంచి లాగి, ఇద్దరు లేఖకులకు జవాబులు చెబుతున్నాడు, కొన్నిటికి తానే రాస్తున్నాడు. ఇన్ని ఉత్తరాలు అందుకున్న ఆ మనిషి గోలకొండ సుల్తాను నౌకరే గాని, బిజాపూరుతోనూ, మొగలాయిలతోనూ విడివిడిగా మంతనాలు నడిపాడు. 1656 నాటికి షాజహాను కొలువులో తేలాడు. ఇతడు ఎవరి మనిషి? 'ఊరి'లోని రెండో నంబరును చూస్తున్నంతసేపూ నాకు ఆ కాలివేళ్ళ మధ్య ఉత్తరాలే కనబడ్డాయి. కోటలో ఇప్పటికీ పావురాల గోపురం ఉంది, బందీఖానా ఉంది, కింద పెన్న లోయ ఉంది. పోర్ట్‌మెయిరియన్ ఎంత అందమైనదో గండికోట అంతకు మించి అందమైనది.

కోటల కాలం పోయాక కూడా ఈ విద్య పోలేదు. రహస్యం చేరవేయడానికి తెలుగులో ఎంత చక్కని మాట ఉందో చూడండి, ఉప్పందించడం. గూఢచారి అనే సంస్కృతపదం సినిమాకు పనికొచ్చింది గాని, పల్లెలో ఉన్నది ఉప్పందించేవాడు. అతడు పరదేశి కాడు, నల్లకళ్ళద్దాలు పెట్టడు, రచ్చబండ మీద మన పక్కనే కూర్చుంటాడు. 1980లలో ముఠాకక్షలు ముదిరిన రోజుల్లో పులివెందుల దగ్గరి ఒక పల్లెలో మాకు పెదనాన్న వరసయ్యే ఒకాయన చీనీతోట పెట్టుకుని ఉండేవాడు. ఏ కక్షలోనూ ఆయన లేడు. అయినా తోటకు పోయిన దారిన తిరిగి వచ్చేవాడు కాదు. పట్నానికి పోయేది ఏ బస్సుకో పెళ్ళానికి కూడా చెప్పేవాడు కాదు. టీ అంగడి దగ్గర ఎవరైనా, "ఏమన్నా, రేపు ప్రొద్దుటూరికి పోతాండావంట?" అని ఆప్యాయంగా పలకరిస్తే, "లేదబ్బా, రేపు నీళ్ళు కట్టల్ల" అని నవ్వుతూ చెప్పి, ఆ రాత్రికే బయలుదేరేవాడు. అడిగినవాడు చెడ్డవాడని ఆయన ఉద్దేశం కాదు. విన్నవాడు ఎవరో తెలియదు, అంతే. చివరికి తోట అమ్మేసి ప్రొద్దుటూరులో ఒక సందులో అద్దెకు దిగాడు. అక్కడ తనను ఎవరూ పేరు పెట్టి పిలవకపోవడమే ఆయనకు నచ్చిన విషయం. ఆరో నంబరు పేరు కోసం పోరాడితే, మా పెదనాన్న పేరు లేని చోటు వెతుక్కున్నాడు. 'ఊరి'లో అందరూ చిరునవ్వుతో వీడ్కోలు చెప్పుకుంటారు, మళ్ళీ చూస్తాను అని. ఆ మాటలో ఉన్న బెదిరింపు బ్రిటిష్ ప్రేక్షకులకు అర్థం కావడానికి కొన్ని వారాలు పట్టి ఉండవచ్చు. మా పెదనాన్నకైతే మొదటి భాగంలోనే అర్థమయ్యేది.

అందుకే నా ఫిర్యాదు ఇది. మనకు తెలిసిన గూఢచర్యం ఒకటి, మన కథల్లోని గూఢచర్యం ఒకటి. టీ అంగడి దగ్గర పలకరించే మనిషి మన గూఢచారి నవలల్లోకి రాలేదు. సినిమాల్లో శత్రువు ఎప్పుడూ విదేశం నుంచే దిగాడు. పంపినవాడి మీద శంక మన గూఢచారికి కలగడానికి నాకు తెలిసి అర్ధశతాబ్దం పట్టింది. 2018లో అడివి శేష్ 'గూఢచారి'లో నాయకుణ్ణి అతని సంస్థే ద్రోహిగా ముద్రవేసి వేటాడుతుంది. (చూడనివారు ఇక్కడినుంచి ఈ పేరా దాటేయండి.) 'ది ప్రిజనర్' చివరి భాగంలో ఆరో నంబరు ఒకటో నంబరు ముసుగు లాగితే లోపల కనిపించేది తన ముఖమే. ఆ ముగింపుకు అప్పటి ప్రేక్షకులు మండిపడ్డారు. లండన్‌లో అతని ఇంటి తలుపు మీద ఉన్న అంకె ఒకటి, ఆ తలుపు 'ఊరి' తలుపుల్లాగే దానంతటదే తెరుచుకుంటుంది. మన 2018 చిత్రంలో వేట ముగిసేచోట కనిపించేది నాయకుడి తండ్రి. వాళ్ళ శంక వెళ్ళి వెళ్ళి ఒంటరి మనిషి అద్దంలో ఆగింది, మనది ఇంట్లో ఆగింది. గండికోట గాథ తెలిసినవారికి ఇందులో వింత ఏమీ ఉండదు.

ఈ 17 భాగాలకూ తెలుగులో ఉపశీర్షికలు రాద్దామని కూర్చున్నాను. 'ఊరు' సులభంగానే కుదిరింది, మూలం కంటే కూడా బాగుందనిపించింది. ఆరో నంబరు కూడా ఫరవాలేదు. చిక్కంతా పాలకుడితోనే వచ్చింది. ప్రొద్దుటూరు అంగళ్ళలో పెరిగినవాడికి నంబర్ టూ అంటే లెక్కల పుస్తకంలో ఎక్కని సరుకు. 'కొత్త రెండో నంబరు వచ్చాడు' అని రాస్తే మావాళ్ళు బిల్లు లేని వ్యాపారి వచ్చాడనుకుంటారు. ఆలోచిస్తే అదీ సబబుగానే ఉంది గాని, అన్ని సన్నివేశాల్లోనూ అతకడం లేదు. మీలో ఎవరికైనా మంచి మాట తోస్తే చెప్పండి, రెండో భాగం దగ్గర ఆగి ఉన్నాను.